రబ్బీ గారికి, ఆ రాత్రి వచ్చిన పదకొండు మందికి

అందరికీ నమస్కారం.

మొన్న మా ఊళ్లో నాన్న సంవత్సరీకం అయింది. భోజనాలయ్యాక అమ్మ విస్తళ్లు తీయిస్తూ, "ఆ చార్లీ గారికి కబురు చెప్పావా?" అని అడిగింది. చార్లీ గారంటే మా రబ్బీ గారు, అంటే యూదుల మతగురువు. ఆయన పేరు చార్లీ కాదు. అమెరికా సైన్యంలో మతాధికారిని చాప్లిన్ అంటారు. పోయినేడు ఫోన్‌లో "చాప్లిన్ గారు నా పక్కనే ఉన్నారమ్మా" అంటే అమ్మకి సినిమాల్లో కర్ర తిప్పుతూ నడిచే ఆయన గుర్తొచ్చాడు. అంత దుఃఖంలోనూ "ఆయన ఇంకా ఉన్నాడా?" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఆయన చార్లీ గారే.

కబురు చెప్పాను. కానీ ఫోన్‌లో చెప్పే థాంక్స్ చాలదని ఏడాదిగా మనసులో ఉంది. రబ్బీ గారికి తెలుగు రాదు, ఇది ఆయన చదవలేరు. చదవగలిగే వాళ్లు కొందరున్నారు, వాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

నా సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లి ఆర్మీలో చేరాను. అప్పట్లో మావ్నీ అని ఒక పథకం ఉండేది. గ్రీన్ కార్డు లేకపోయినా, వాళ్లకు అవసరమైన భాషలు వచ్చిన వాళ్లను తీసుకుని పౌరసత్వం ఇచ్చేవాళ్లు. 2016లో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు. నాలాంటి తెలుగు కుర్రాళ్లు ఆ దారిన బాగానే వచ్చారు. నాన్నకి మాత్రం ఇది మింగుడుపడలేదు. "నిన్ను చదివించింది తుపాకీ పట్టుకోడానికా?" అన్నారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాటలు "బాగున్నావా", "బాగున్నాను" దగ్గరే ఆగిపోయాయి.

పోయినేడు మా యూనిట్‌ని తొమ్మిది నెలలు గల్ఫ్‌కి పంపారు. ఎక్కడో చెప్పను. చెప్పినా చూడ్డానికి అక్కడ ఇసుక, కంటైనర్లు తప్ప ఏమీ లేవు. మాకు వచ్చిన చాప్లిన్ యూదుడు. క్రైస్తవ చాప్లిన్లకు యూనిఫాం మీద శిలువ గుర్తు ఉంటుంది, ముస్లింలకు నెలవంక, బౌద్ధులకు ధర్మచక్రం. ఈయనకు రెండు రాతిపలకలు, వాటి పైన ఆరు కోణాల నక్షత్రం. మోషేకు దేవుడిచ్చిన పది ఆజ్ఞల పలకలవి. ఆర్మీ టోపీ తీస్తే కింద ఇంకో చిన్న గుండ్రటి టోపీ, దాన్ని కిప్పా అంటారు.

చాప్లిన్‌కి ఆయుధం ఉండదు, పట్టుకోకూడదు. అందుకని పక్కన ఒక అసిస్టెంట్‌ని ఇస్తారు, తుపాకీ అతని దగ్గరుంటుంది. మా అసిస్టెంట్ అలబామా కుర్రాడు, బాప్టిస్టు. శుక్రవారం పొద్దుగూకేసరికి రబ్బీ గారి కొవ్వొత్తులు సర్దేదీ అతనే, ఆదివారం క్రైస్తవుల కుర్చీలు వేసేదీ అతనే.

మా బెటాలియన్‌లో యూదుల్ని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. మరి మిగతా వాళ్లకు ఈయనెందుకని మొదట్లో నేనూ అనుకున్నాను. ఆర్మీలో పద్ధతి ఇది: తన మతం వాళ్లకు చాప్లిన్ తానే ప్రార్థన నడిపిస్తాడు. వేరే మతం వాళ్లకు తాను చేయలేనిది ఎలాగోలా ఏర్పాటు చేసి పెట్టాలి. చెప్పుకోడానికి వచ్చినవాడిది ఏ మతమైనా వినాలి. విన్నది కమాండర్ అడిగినా బయటపెట్టకూడదు. డాక్టర్లకు, సైకాలజిస్టులకు ఈ విషయంలో కొన్ని మినహాయింపులున్నాయి, చాప్లిన్‌కి లేవు. అందుకే అప్పుల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో పెళ్లాంతో గొడవపడ్డవాళ్లు, నిద్రపట్టనివాళ్లు, దేవుడే లేడనేవాళ్లు కూడా ఆయన కంటైనర్ బయట కనిపించేవాళ్లు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి ఫోన్ ఆన్ చేస్తే తమ్ముడివి పదిహేడు మిస్డ్ కాల్స్. నాన్నకి స్ట్రోక్ వచ్చింది, గుంటూరులో ఐసీయూలో ఉన్నారు.

మాకు అత్యవసరంగా సెలవు కావాలంటే ఇంట్లోవాళ్లు రెడ్‌క్రాస్‌కి చెప్పాలి. వాళ్లు ఆసుపత్రితో మాట్లాడి, నిజమేనని తేల్చుకుని, మన కమాండర్‌కి సందేశం పంపుతారు. డల్లాస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు క్షణం ఆలస్యం చేయలేదు. పని ఇరుక్కున్నది ఇటువైపు. ఆసుపత్రి రిజిస్టర్లో నాన్న ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, అసలు పేరు స్పెల్లింగు వేరే. నా ఆర్మీ కాగితాల్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఫోన్ ఎత్తినావిడ "ఆ పేరుతో పేషెంటు ఎవరూ లేరండీ" అని పెట్టేసింది. మన ఇంటిపేర్లతో అమెరికా కాగితాల్లో పడే తిప్పలు ఇది చదివేవాళ్లలో సగం మందికి తెలుసు.

రబ్బీ గారు వచ్చి సంగతంతా విన్నారు. "నేను మాట్లాడితే వాళ్లకు అర్థం కాదు. నువ్వొక్కడివే మాట్లాడితే మధ్యలో ఏడుస్తావు. ఇద్దరం చేద్దాం" అన్నారు. ఆయన నంబర్లు కలుపుతుంటే నేను తెలుగులో బతిమాలాను. డ్యూటీ డాక్టరు దొరకడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో "అంతా బాగైపోతుంది" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. నీళ్ల సీసా మూత తీసి చేతిలో పెట్టారు, అంతే. ఆ మాట అననందుకు కూడా ఇక్కడ కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

సెలవు మంజూరైంది. టిక్కెట్టు డబ్బుకి ఆర్మీ ఎమర్జెన్సీ రిలీఫ్ వాళ్లు వడ్డీ లేకుండా అప్పిస్తారని నాకు తెలియదు, ఆ ఫారం కూడా ఆయనే తెచ్చారు. అన్నీ అయ్యేసరికి రాత్రి ఒంటిగంట. మూడింటికి నా తలుపు తట్టారు. ఫస్ట్ సార్జెంట్, ఆయన పక్కన రబ్బీ గారు. అర్ధరాత్రి చాప్లిన్ గుమ్మంలో నిలబడితే సైన్యంలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

తెల్లారేసరికి దుమ్ము తుఫాను. ఆ రోజు విమానాలు లేవు, మర్నాటి రాత్రికి గానీ సీటు దొరకదన్నారు. నేను పెద్దకొడుకుని. "అన్నయ్యా, నీ కోసం ఉంచమంటావా?" అని తమ్ముడు అడిగాడు. నాకేం చెప్పాలో తోచక రబ్బీ గారి వైపు చూశాను. మీరైతే ఏం చేస్తారన్నాను. "మాలో ఎంత తొందరగా సాగనంపితే పోయినవాళ్లకు అంత మర్యాద. కానీ అది మా పద్ధతి. మీ అమ్మగారిని అడుగు" అన్నారు. అమ్మని అడిగాను. "ఐసు పెట్టెలో పెట్టొద్దు నాన్నా, ఆయనకి చలి పడదు" అంది.

తమ్ముడు తలకొరివి పెట్టాడు. ఇండియా టైము మాకంటే రెండున్నర గంటలు ముందు. పొద్దున ఎనిమిదిన్నరకు రబ్బీ గారి కంటైనర్లో, నా ఫోన్ చిన్నదని ఆయన ల్యాప్‌టాప్‌లో చూశాను. నెట్ మూడుసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ ఆయన లేచి ఏదో వైరు కదిపి వచ్చి కూర్చున్నారు. తమ్ముడు భుజాన కుండతో చితి చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆయన లేచి నిలబడ్డారు. నేను కూర్చునే ఉన్నాను, కాళ్లు ఆడలేదు. యూదులు పూడ్చిపెడతారు. సంప్రదాయం పాటించేవాళ్లకు దహనం కూడని పని. ఆ సంగతి నాకు కొన్ని నెలల తర్వాత గానీ తెలియలేదు. ఆ పొద్దున ఆయన ముఖంలో నాకేమీ కనిపించలేదు.

మధ్యాహ్నం ఆయనొక మాట చెప్పారు. "మాలో తండ్రి పోయినవాడు కడిష్ అని ఒక ప్రార్థన చదవాలి. అందులో చావు మాటే ఉండదు, అంతా దేవుణ్ణి పొగడటమే. కానీ దాన్ని ఒంటరిగా చదవకూడదు. పదిమంది ఉండాలి. దుఃఖంలో ఉన్నవాడు నలుగురిలోకి రావాల్సిందే, ఆ నలుగురూ అతని కోసం రావాల్సిందే. మీకు అలాంటి లెక్క లేదని తెలుసు. నీకోసం కడిష్ చదవను, అది మీది కాదు. కానీ ఈ రాత్రి నువ్వు ఒక్కడివే ఉంటే నాకు నిద్రపట్టదు. నీ భాష వాళ్లు ఇక్కడ ఎంతమంది ఉంటారు?"

మా యూనిట్‌లో నేనొక్కడినే అన్నాను. ఆయన నవ్వారు. "రోజూ నీకు అన్నం వడ్డించేది ఎవరు? బట్టలు ఉతికేది ఎవరు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ స్థావరాల్లో వంట, లాండ్రీ, బస్సులు, కరెంటు పనులు చాలావరకు బయటి దేశాల కాంట్రాక్టు కార్మికులే చేస్తారు. వాళ్లలో మనవాళ్లు ఎంతమందో! నాలుగు నెలలుగా లైన్లో నిలబడి ప్లేటు చాపుతున్నాను గానీ, ప్లేటు అవతలివాళ్లను "ఏ ఊరన్నా?" అని ఒక్కసారి అడిగింది లేదు. అలబామా కుర్రాడు వంటింట్లోకి, లాండ్రీలోకి దూరి "టెలుగూ? టెలుగూ?" అని కేకలేస్తూ తిరిగాడట. షిఫ్టు సూపర్‌వైజర్ల దగ్గరికి రబ్బీ గారే వెళ్లి అరగంట చొప్పున పర్మిషన్ తెచ్చారు.

అక్కడి చాపెల్ ఉత్త గది. గోడకు ఏ మతం గుర్తూ ఉండదు. ఎవరి ప్రార్థన ఉంటే వాళ్ల వస్తువులు తెచ్చి పెట్టుకుని, అయ్యాక తీసేస్తారు. ఆ రాత్రి ఏమీ పెట్టలేదు. పదిమందిని చూస్తానన్నారు, పదకొండు మంది వచ్చారు. లాండ్రీలో పనిచేసే రాజంపేట అన్న. మెస్ వంటింటి నుంచి జగిత్యాల వాళ్లిద్దరు, సిరిసిల్ల తమ్ముడు. రాజోలు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్, అందరూ మాస్టారు అంటారు, క్రైస్తవులు. బస్సు నడిపే కడప సాయిబు. "తెలుగు కొంచెం తెలుసు" అంటూ వచ్చిన తిరునల్వేలి తమిళాయన. మా ప్లటూన్ వాళ్లు ముగ్గురు, తలుపు దగ్గర అసిస్టెంట్.

నాకు మంత్రాలు రావు. చిన్నప్పుడు నాన్న పొలం గట్టు మీద నేర్పిన పద్యం ఒకటి వచ్చు, అది చెప్పాను. మూడో పాదంలో గొంతు పూడుకుపోయింది. నాలుగో పాదం రాజోలు మాస్టారు అందుకున్నారు. తర్వాత ఆయన చిన్న గొంతుతో ప్రార్థన చేశారు. కడప సాయిబు దువా చేశాడు. రబ్బీ గారు వెనక వరసలో కూర్చున్నారు, ఏమీ చదవలేదు.

అయిపోయిందనుకుని లేస్తుంటే రాజంపేట అన్న కదల్లేదు. "మా నాయన పోయినప్పుడు నన్నెవురూ ఇట్ల కూచోబెట్టలేదు సామీ" అన్నాడు. రెండేళ్ల కింద ఆయన తండ్రి పోతే పనిచేసే కంపెనీ సెలవివ్వలేదట. ఆ రోజు కూడా రెండు షిఫ్టులు బట్టలు ఉతికాడట. ఈ మాటలు రబ్బీ గారికి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ముందుకు వచ్చి, రాజంపేట అన్న తండ్రి పేరు అడిగి కాగితం మీద రాసుకున్నారు. ఆ పేరు పైకి చదివారు, మన "ళ" ఆయనకు పలకలేదు. తర్వాత ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. జగిత్యాల ఆయన వాళ్ల బాపు పేరు చెప్పాడు. తమిళాయన వాళ్ల అమ్మ పేరు చెప్పాడు. మా ప్లటూన్‌లో ఎప్పుడూ వెకిలి జోకులేసే కుర్రాడు తన అన్న పేరు చెప్పాడు. అతనికి అన్న ఉండేవాడని మాకెవరికీ తెలియదు. అరగంట పర్మిషన్ గంటంపావు అయింది. సూపర్‌వైజర్లు ఏమన్నారో నాకు తెలియదు, ఆ మాటలు పడ్డది రబ్బీ గారు.

నేను నాలుగోరోజుకి ఇల్లు చేరాను. పెద్దకర్మ దాకా ఉన్నాను. గుండు చేయించుకోడానికి ఆర్మీలో ఎవరి అనుమతీ అక్కర్లేదు, అదొక్కటే సులువుగా అయిన పని.

తిరిగి వెళ్లేటప్పుడు అమ్మ ఆయన కోసం ఆవకాయ జాడీ కట్టిచ్చింది. ఆయన తినలేదు. కోషర్ పాటిస్తారు, వాళ్ల నియమాల ప్రకారం నడిచే వంటింట్లో చేసిందే తినాలి, లేదంటే ప్యాకెట్ మీద ఆ ముద్ర ఉండాలి. మాంసం తగిలిన గిన్నెలో పాలు కాయరు. అమ్మకి ఎలా చెప్పాలా అని టెన్షన్ పడుతూ ఫోన్‌లో చెప్పాను. అమ్మ వెంటనే, "ఓహో, మడి మనిషన్నమాట. ముందే చెప్పొద్దూ!" అంది. నేను పది వాక్యాల్లో చెప్పలేనిది అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. జాడీ మాత్రం నెలలపాటు ఆయన టేబుల్ మీదే ఉంది. రోజూ మూత తీసి వాసన చూసి పెట్టేవారు. తిన్నది అలబామా కుర్రాడు.

ఆ తర్వాతే నేనాయన్ని ఆయన సంగతులు అడగడం మొదలుపెట్టాను. నేను అడిగేదాకా తన మతం గురించి ఆయన తనంతట తాను చెప్పింది కడిష్ ముక్క ఒక్కటే.

ఈ ఉద్యోగం యూదులకు ఊరికే రాలేదట. అమెరికా అంతర్యుద్ధం మొదలైన 1861లో చేసిన చట్టం ప్రకారం చాప్లిన్‌గా క్రైస్తవుడే ఉండాలి. పెన్సిల్వేనియా గుర్రపు దళం ఒకదానిలో యూదులు ఎక్కువ, వాళ్లు మైఖేల్ ఆలెన్ అనే యూదుణ్ణి ఎన్నుకున్నారు. ఎవరో ఫిర్యాదు చేశారు, ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత న్యూయార్క్ నుంచి ఆర్నాల్డ్ ఫిషెల్ దరఖాస్తు పెడితే చట్టం ఒప్పుకోదన్నారు. ఆయన ఊరుకోకుండా ఆ డిసెంబరులో వాషింగ్టన్ వెళ్లి లింకన్‌నే కలిశాడు. 1862 జులైలో చట్టం మారింది. క్రైస్తవ అనే మాట పోయి, ఏదో ఒక మతం అయితే చాలని వచ్చింది. ఆ సెప్టెంబరులో జేకబ్ ఫ్రాంకెల్‌ని ఫిలడెల్ఫియాలోని సైనిక ఆసుపత్రులకు నియమించారు. మొదటి యూదు చాప్లిన్ ఆయనే. కష్టపడి తిరిగిన ఫిషెల్‌కి మాత్రం ఆ ఉద్యోగం రాలేదు. రబ్బీ గారు ఈ కథ ఎప్పుడు చెప్పినా ఫ్రాంకెల్ గురించి ఒక వాక్యం, ఫిషెల్ గురించి పది వాక్యాలు చెప్పేవారు.

మన విషయానికొస్తే, అమెరికా సైన్యంలో మొదటి హిందూ చాప్లిన్‌గా ప్రతిమా ధర్మ్ గారు వచ్చింది 2011లో. 1862లో ఆ ఒక్క మాట మారకపోతే అది జరిగేదా అని నాకు అనిపిస్తుంటుంది.

ఆయన టేబుల్ మీద నలుగురు చాప్లిన్ల బొమ్మ ఉండేది. 1943 ఫిబ్రవరి 3న గ్రీన్‌లాండ్ వెళ్తున్న డార్చెస్టర్ ఓడని జర్మన్ జలాంతర్గామి కొట్టింది. 900 మందికి పైగా ఉంటే బతికింది 230 మంది. అలెగ్జాండర్ గూడ్ అనే రబ్బీ, ఒక కాథలిక్ ఫాదరు, ఇద్దరు ప్రొటెస్టంట్ పాస్టర్లు తమ లైఫ్‌జాకెట్లు తీసి సైనికులకిచ్చి, చేతులు పట్టుకుని ఓడతోపాటే మునిగిపోయారు. ఇది అమెరికాలో చాలామందికి తెలిసిన కథే.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది లెబనాన్ రాజధాని బేరూత్‌లో జరిగిన కథ. ఆర్నాల్డ్ రెస్నికాఫ్ అని నౌకాదళంలో రబ్బీ. 1983 అక్టోబరులో ఒక యూదు సైనికుడి సంస్మరణ ప్రార్థన కోసం బేరూత్ వెళ్లారు. శనివారం వాళ్లు ప్రయాణం చేయరు కాబట్టి ఆగిపోయారు. ఆదివారం, 23వ తేదీ పొద్దున్నే పేలుడు పదార్థాలు నింపిన ట్రక్కు అక్కడ అమెరికన్ సైనికులుండే బ్యారక్స్‌ని గుద్దింది. 241 మంది అమెరికన్ సైనికులు పోయారు. రెస్నికాఫ్, జార్జ్ పుచ్చరెల్లి అనే కాథలిక్ ఫాదరు ఇద్దరూ శిథిలాల్లోకి పరిగెత్తారు. గాయపడ్డవాళ్ల ముఖాలు తుడవడానికి ఏమీ లేక రబ్బీ తల మీది కిప్పాని వాడేశారు. అది చూసి ఫాదరు తన యూనిఫాం గుడ్డ ముక్క చింపి, ఇది పెట్టుకో అని ఇచ్చారు. పక్కపక్కనే పనిచేస్తున్నది ఒక రబ్బీ, ఒక ఫాదరు అని సైనికులకు కనిపించాలని ఆయన కోరిక.

అప్పటికి యూనిఫాంతో కిప్పా పెట్టుకోవడం మీద గొడవ నడుస్తోంది. వైమానిక దళంలో సైకాలజిస్టుగా ఉన్న ఒక రబ్బీ దాని కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. మరుసటేడు అమెరికా కాంగ్రెస్ చట్టమే చేసి అనుమతి ఇచ్చింది. "నా తల మీద ఇది ఉండటానికి ఒక కాథలిక్ చిరిగిన చొక్కా కూడా కారణం" అనేవారు మా రబ్బీ గారు.

ఇంకొకటి. నాన్న మాసికాలు, తద్దినం తిథి ప్రకారం చేస్తామని చెప్తే ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. వాళ్లదీ చంద్రుడి లెక్కే. తల్లిదండ్రులు పోయిన రోజు ఏటా వాళ్ల పంచాంగం ప్రకారమే వస్తుంది, ఆ రోజు ఇరవైనాలుగు గంటలు వెలిగే దీపం పెడతారు. మనకి అధిక మాసం వచ్చినట్టే వాళ్లకీ పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. "అధిక మాసంలో పోయినవాళ్లకు మీరు ఏ నెలలో చేస్తారు?" అని అడిగారు. నాకేం తెలుసు? మా పంతులు గారికి ఫోన్ చేసి ఇద్దరి మధ్య దుబాసీ పని చేశాను. నలభై నిమిషాలు. పంతులు గారు చివర్లో, "ఆయన బాగా చదువుకున్న మనిషి. ఈసారి నువ్వు అడ్డం రాకుండా మాట్లాడించు" అన్నారు.

మాది చేబ్రోలు దగ్గర ఊరని ఒకసారి మాటల్లో అన్నాను. ఆయన తలెత్తి, "అక్కడ యూదులున్నారు కదా?" అన్నారు. నేను లేరని పందెం కట్టాను. కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తమను తాము పిలుచుకునే చిన్న సమాజం ఉంది, తెలుగు మాట్లాడే యూదులు, వాళ్లకో చిన్న ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో! పందెం ఓడిపోయాను. మొన్న సంవత్సరీకం అయ్యాక తమ్ముడి బండి తీసుకుని వెళ్లాను. తలుపు వేసి ఉంది. బయట నిలబడి ఫోటో తీసి ఆయనకు పంపితే, "బుధవారం వెళ్తే ఎలా? శనివారం వెళ్లాలి" అని జవాబు పెట్టారు.

నాన్నతో మాట్లాడకుండా పోగొట్టుకున్న సంవత్సరాల గురించి ఆయనకు ఏం చెప్పుకున్నానో ఇక్కడ రాయను. ఆయన ఎవరికీ చెప్పరు, నేనూ చెప్పను.

రబ్బీ గారూ, మీకు నా నమస్కారాలు, అమ్మ ఆశీస్సులు. డల్లాస్ అన్నయ్యకి, ఆ రాత్రి నా డ్యూటీ తన మీద వేసుకున్న ఫస్ట్ సార్జెంట్‌కి, చిన్నవాడైనా పెద్దకొడుకు పని చేసిన మా తమ్ముడికి కూడా.

ఇక ఆ రాత్రి వచ్చినవాళ్లకు. రాజోలు మాస్టారూ, జగిత్యాల అన్నలూ, సిరిసిల్ల తమ్ముడూ, కడప భాయ్, మీలో కొందరితో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. రాజంపేట అన్న నంబరు మాత్రం నా పాత ఫోన్‌తోపాటు పోయింది. ఆయన కాంట్రాక్టు అయిపోయి ఊరికి వచ్చేశాడని విన్నాను. ఆ రాత్రి పేర్లు రాసుకున్న కాగితం రబ్బీ గారి దగ్గర భద్రంగా ఉంది. మొన్న ఫోన్‌లో, "ఆ లాండ్రీ ఆయన తండ్రి తిథి ఏమిటో నేను అడగలేదు. కనుక్కుని చెప్పు, దీపం పెడతాను" అన్నారు. రాజంపేట చుట్టుపక్కల వాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆయనకు చేర్చండి. అన్నా, నువ్వే చదివితే, మీ నాయన తిథి ఏదో నాకు మెసేజ్ పెట్టు.